స్టోరు రూము నుంచి సెల్‌ఫోను దాకా: ఆన్‌లైన్ కిరాణా వెనుక జరిగే పని



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని కమిటీ వారు అడిగారు. పట్టణాల్లో సెల్‌ఫోన్ నొక్కితే ఉప్పు, పప్పు, పాల ప్యాకెట్టు గుమ్మం ముందుకు వస్తున్న సంగతి మీకు తెలిసినదే. ఇటువంటి హాస్టళ్ళలో చదువుకున్న ఎందరో ఇవాళ ఆ సరుకులు బండి మీద మోస్తున్నారు, గోడౌన్లలో ప్యాక్ చేస్తున్నారు. మన తల్లిదండ్రుల్లో చాలామంది ఆ టమాటాలు, ఆ వంకాయలు పండించే కౌలు రైతులు, కోసే కూలీలు. గొలుసుకు రెండు చివర్లా మనవాళ్ళే ఉన్నారన్న మాట. మధ్యలో ఏం జరుగుతుందో మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో అంతగా ఉండదు. అందుకే ఈ అంశం ఎంచుకున్నాను.

సప్లై చైన్ అంటే ఏమిటి?

కామర్స్ విద్యార్థులకు ఈ మాట పరిచయమే. మిగతావారికి మన స్టోరు రూము ఉదాహరణ చాలు. ఉదయం హాజరు వేస్తారు. 96 మంది ఉన్నారనుకుందాం. తలకు ఇంత చొప్పున బియ్యం, కందిపప్పు, నూనె లెక్కగట్టి, తూకం వేసి, స్టాకు రిజిస్టరులో రాసి వంటగదికి ఇస్తారు. నిల్వ తగ్గితే వార్డెన్ సార్ ఇండెంట్ పంపుతారు. బియ్యం గోడౌను నుంచి, కూరగాయలు కాంట్రాక్టరు నుంచి వస్తాయి. తర్వాత బిల్లు పాసవుతుంది.

ఇందులో మూడు ప్రవాహాలు ఉన్నాయి. సరుకు పొలం వైపు నుంచి కంచం వైపు వస్తుంది. డబ్బు కంచం వైపు నుంచి వెనక్కి పోతుంది. మూడవది సమాచారం, అంటే 96 మంది అన్న ఆ అంకె. ఈ మూడవదాన్ని మనం పట్టించుకోము గాని, అది తప్పితే మిగతా రెండూ తప్పుతాయి. హాజరు 96 అయి వంట 120 మందికి చేస్తే అన్నం పారబోయాలి. 80 మందికే చేస్తే చివరి బెంచీలో కూర్చున్నవాళ్ళకు సాంబారు నీళ్ళు మిగులుతాయి. సెల్‌ఫోన్ వచ్చి మార్చింది ముఖ్యంగా ఈ సమాచార ప్రవాహాన్నే. టమాటా ఇప్పటికీ లారీలోనే వస్తున్నది.

కొరడా దెబ్బ

సమాచారం ఆలస్యమైతే ఏమవుతుందో మేనేజ్‌మెంట్ శాస్త్రంలో ఒక అందమైన పాఠం ఉన్నది. దానిని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. కొరడా పిడిని కొంచెం కదిపితే చివర ఎంత పెద్దగా ఊగుతుందో చూశారు కదా, ఆ పోలికతో వచ్చిన పేరు.

ఒక వీధిలో రోజూ 100 పాల ప్యాకెట్లు అమ్ముడవుతాయి అనుకోండి. పండుగ రోజున 110 అమ్ముడయ్యాయి. కొట్టువాడు రేపు చాలవేమోనని 120 తెప్పించాడు. ఏజెంటుకు వీధి కనిపించదు, కొట్టువాడి ఆర్డరే కనిపిస్తుంది. గిరాకీ పెరిగిందనుకొని 140కి చెప్పాడు. డెయిరీ వారు ఏజెంటు ఆర్డరు చూసి 170 ప్యాకెట్లకు సిద్ధమయ్యారు. మర్నాడు వీధి మళ్ళీ 100కే వచ్చింది. ఇప్పుడు అందరి దగ్గరా పాలు మిగిలాయి. కనుక అందరూ ఒక్కసారిగా ఆర్డరు తగ్గిస్తారు, రెండు రోజుల తర్వాత కొరత వస్తుంది. ఇక్కడ ఎవరూ తెలివితక్కువ పని చేయలేదు. ప్రతివాడూ తన పక్కవాడి ఆర్డరును చూశాడే గాని, వీధిలో నిజంగా ఎన్ని ప్యాకెట్లు తాగారో చూడలేకపోయాడు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో పనిచేసిన జే ఫారెస్టర్ అనే ఆచార్యుడు 1961లో వెలువడిన తన గ్రంథంలో ఈ ఊగిసలాటను లెక్కలతో చూపాడు. ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ పసిపిల్లల డైపర్ల విషయంలో ఇదే గమనించింది. పిల్లలు రోజూ ఒకేలా వాడుతున్నా, కంపెనీకి వచ్చే ఆర్డర్లు మాత్రం ఎగిరిపడుతూ ఉండేవి.

ఆన్‌లైన్ కిరాణాలో కొనేవాడు ఫోన్‌లో నొక్కిన క్షణంలోనే ఆ అంకె కంపెనీ కంప్యూటరుకు చేరుతుంది. ఏ పేటలో, ఏ గంటకు, ఏ సైజు ప్యాకెట్టు అన్నది తెలుస్తుంది. మధ్యలో ఊహించేవాళ్ళు తగ్గుతారు. ఈ వ్యాపారానికి అసలు బలం బండి వేగంలో కంటే ఇక్కడే ఎక్కువ ఉన్నదని నా అభిప్రాయం.

కొంచెం చరిత్ర

ఇంట్లో కూర్చుని సరుకులు తెప్పించుకోవడం కొత్త కాదు. 1984లో ఇంగ్లండులోని గేట్స్‌హెడ్ పట్టణంలో జేన్ స్నోబాల్ అనే 72 ఏళ్ళ అమ్మమ్మ, టీవీకి కలిపిన రిమోట్‌తో టెస్కో దుకాణానికి గుడ్లు, మార్గరిన్, కార్న్‌ఫ్లేక్స్ ఆర్డరు చేసింది. మైకేల్ ఆల్‌డ్రిచ్ అనే ఆవిష్కర్త తయారుచేసిన పద్ధతి అది.

తర్వాత అమెరికాలో వెబ్‌వాన్ అనే కంపెనీ 1999లో రంగంలోకి దిగింది. చెప్పిన అరగంట వ్యవధిలో సరుకు ఇంటికి తెస్తామన్నది. నగరానికొక భారీ గోడౌను కడతామని వంద కోట్ల డాలర్ల కాంట్రాక్టు కుదుర్చుకున్నది. కొనేవాళ్ళు మాత్రం అంతమంది రాలేదు. 2001 జులైలో మూతపడింది. సుమారు 2000 మంది ఉద్యోగాలు పోయాయి. ముందు గోడౌన్లు కట్టి తర్వాత గిరాకీ కోసం చూడడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇప్పటికీ కాలేజీల్లో ఈ ఉదాహరణే చెబుతారు.

మన దేశంలో 1999లోనే బెంగళూరులో ఫ్యాబ్‌మార్ట్ అనే ఆన్‌లైన్ దుకాణం వచ్చింది. అప్పట్లో ఇంటర్నెట్ అంటే టెలిఫోన్ తీగకు మోడెమ్ తగిలించి, అది కీచుమని అరుస్తుంటే ఎదురుచూడడమే. ఆ జట్టువారు క్రమంగా మామూలు సూపర్‌మార్కెట్లు పెట్టి, తర్వాత వాటిని ఆదిత్య బిర్లా గ్రూపుకు అమ్మేశారు. ఆ వ్యవస్థాపకులే 2011లో మళ్ళీ బిగ్‌బాస్కెట్ మొదలుపెట్టారు. అందులో ఎక్కువ వాటాను 2021లో టాటాలు కొన్నారు. మనుషులు వాళ్ళే, ఊరు అదే, ఆలోచన కూడా అదే. ఈ 12 ఏళ్ళలో మారింది కొనేవాడి చేతిలోని పరికరం. 2016లో యు.పి.ఐ. చెల్లింపులు వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో జియో రాకతో డేటా ఖరీదు బాగా పడిపోయింది. ఆ తర్వాతే ఈ వ్యాపారం పెద్ద ఇళ్ళ నుంచి మామూలు ఇళ్ళకు దిగింది.

కొరియా సంగతి ఒకటి చెప్పాలి. 2011లో సియోల్ నగరంలో హోమ్‌ప్లస్ అనే సంస్థ మెట్రో స్టేషను గోడల మీద దుకాణం అరల బొమ్మలు నిలువెత్తున అంటించింది. రైలు కోసం నిలబడ్డవాళ్ళు బొమ్మ కింది క్యూ.ఆర్. కోడును ఫోన్‌తో తీస్తే చాలు, సరుకు ఇంటికి వెళుతుంది. దుకాణం లేదు, అరలు లేవు, ఉన్నది గోడ మీది కాగితమే.

సబ్బు కవరు మీద లెక్క

ఇప్పుడు కొంచెం గణితం. లెక్కలంటే భయపడేవారు కూడా ఈ భాగాన్ని దాటవేయవద్దు.

మీ సబ్బు కవరు మీదో, కొబ్బరినూనె సీసా మీదో నల్లగీతలు, వాటి కింద 13 అంకెలు ఉంటాయి. అదే బార్‌కోడ్. 1974 జూన్ 26న అమెరికాలోని ట్రాయ్ అనే ఊళ్ళో, ఒక సూపర్‌మార్కెట్లో రిగ్లీ వారి చూయింగ్‌గమ్ ప్యాకెట్టును తొలిసారి ఇలా చదివి బిల్లు వేశారు. మన దగ్గర ఎక్కువ వస్తువుల మీద సంఖ్య 890తో మొదలవుతుంది. అది ఇండియాలో తయారైనదనడానికి గుర్తు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ సంఖ్యను జి.ఎస్.1 ఇండియా సంస్థ ఇచ్చిందని మాత్రమే దాని అర్థం. ఇంకొక అపోహ, ఆ గీతల్లో ధర ఉంటుందని. అందులో ధర ఉండదు, వస్తువు సంఖ్య మాత్రమే ఉంటుంది. ధర కంప్యూటరులో ఉంటుంది.

చివరిదైన పదమూడవ అంకె తనిఖీ అంకె. దానిని ఇలా కనుక్కోవాలి. నేను ఊరికే ఊహించిన సంఖ్య ఒకటి తీసుకుందాం: 890123400015. బేసి స్థానాల్లోని అంకెలు 8, 0, 2, 4, 0, 1. వాటి మొత్తం 15. సరి స్థానాల్లోని అంకెలు 9, 1, 3, 0, 0, 5. వాటి మొత్తం 18, దానిని 3తో హెచ్చిస్తే 54. రెండూ కలిపితే 69. దాని తర్వాత వచ్చే పదుల సంఖ్య 70. తేడా 1. కనుక పదమూడవ అంకె 1. పూర్తి సంఖ్య 8901234000151 అవుతుంది.

కవరు నలిగి, ఆరవ స్థానంలోని 3ను యంత్రం 8 అని చదివిందనుకోండి. మొత్తం 84 అవుతుంది, తనిఖీ అంకె 6 రావాలి. కవరు మీద 1 ఉన్నది. తప్పు దొరికిపోయింది. ఒక్క అంకె తప్పితే ఈ పద్ధతి తప్పకుండా పట్టుకుంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా చాలావరకు పట్టుకుంటుంది. వాటి మధ్య తేడా 5 అయినప్పుడు మాత్రం పట్టుకోలేదు. 1, 6 పక్కపక్కన ఉండి తారుమారైతే మొత్తం సరిగ్గా 10 మారుతుంది కనుక తనిఖీ అంకె మారదు. ఎందుకలా అవుతుందో మీ లెక్కల మాస్టారిని అడగండి, ఆయన సంతోషిస్తారు.

డార్క్ స్టోర్ లోపల

పేరు విని చీకటి గది అనుకోవద్దు. లోపల లైట్లు బాగానే ఉంటాయి. కొనేవాళ్ళకు ప్రవేశం ఉండదు కనుక ఆ పేరు వచ్చింది. అది పేటల మధ్య చిన్న గోడౌను, కొన్ని వేల రకాల సరుకులు. ప్రతి అరకు ఒక చిరునామా ఉంటుంది. ఆర్డరు రాగానే లోపలి కుర్రవాడి ఫోన్‌లో, ఏ వరుస, ఏ అర, ఎన్ని అన్నది, నడక తక్కువయ్యే క్రమంలో కనిపిస్తుంది. అతడు వస్తువు తీసి బార్‌కోడ్ చదివించాలి. ఒక కిలో ప్యాకెట్టు బదులు అరకిలో తీస్తే ఫోన్ ఒప్పుకోదు. ఎక్కువగా పోయే పాలు, రొట్టె, గుడ్లు ప్యాకింగ్ బల్లకు దగ్గరగా పెడతారు.

ఇక్కడ మన స్టోరు రూముకు పనికొచ్చే నియమం ఒకటుంది. ముందు వచ్చిన బస్తాను ముందు వాడాలన్నది పాత పద్ధతి. ముందు గడువు తీరేదాన్ని ముందు పంపాలన్నది ఇక్కడి పద్ధతి. నిన్న వచ్చిన పెరుగుకు రేపటితో, మొన్న వచ్చినదానికి ఎల్లుండితో గడువు తీరవచ్చును. అందుకే సరుకు దించుకునేటప్పుడే గడువు తేదీని ఫోన్‌లో ఎక్కిస్తారు.

ఇక పది నిమిషాల మాట. 2021లో జెప్టో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో గ్రోఫర్స్ తన పేరును బ్లింకిట్‌గా మార్చుకున్నది. అప్పటి నుంచి ఈ పోటీ ముదిరింది. లెక్క చూద్దాం. ప్యాకింగ్‌కు 3 నిమిషాలు పోతే మిగిలేవి 7. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో 7 నిమిషాల్లో 2.3 కిలోమీటర్లు పోవచ్చును. అంటే రెండు కిలోమీటర్లకొక గోడౌను ఉంటే, ఎవరూ బండిని ఉరికించకుండానే సరుకు చేరుతుంది. కాగితం మీద ఇది నిజమే. అయితే ఈ లెక్కలో రెడ్ సిగ్నల్ లేదు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రిజిస్టరులో సంతకం లేదు, లిఫ్టు కోసం నిలబడడం లేదు, వాన లేదు. ఆ నిమిషాలు ఎవరి ఖాతాలో పడతాయో వేరే చెప్పనక్కర లేదు.

దారి చూపే ఉపగ్రహాలు

జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ప్రతిదీ తన స్థానాన్ని, సమయాన్ని నిరంతరం ప్రసారం చేస్తుంది. ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని కాంతి వేగంతో హెచ్చిస్తే దూరం వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు తెలియడానికి మూడు ఉపగ్రహాలు చాలాలి కదా, నాలుగు ఎందుకు? ఫోన్‌లోని గడియారం చవకది. సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఆ గడియారపు తప్పే నాలుగవ తెలియని రాశి. నాలుగు తెలియని రాశులకు నాలుగు సమీకరణాలు కావాలని పదవ తరగతి వారికి కూడా అర్థమవుతుంది.

ఫోన్ ఉపగ్రహానికి ఏమీ పంపదు, రేడియోలాగా వింటుంది, అంతే. బండి ఎక్కడున్నదో కంపెనీకి చేరవేసేది మామూలు సెల్ టవరు. మన ఊళ్ళలో చిక్కంతా చిరునామాతోనే. 4-7-112 పక్కన 4-7-113 ఉంటుందన్న హామీ లేదు. రామాలయం వెనుక వీధి, వేపచెట్టు ఎదురిల్లు అన్నదాన్ని ఏ ఉపగ్రహమూ చదవలేదు. చివరికి బండి అబ్బాయి ఫోన్ చేసి అడగవలసిందే.

రైతుకు ఏం ఒరిగింది?

ఈ ప్రశ్నకు రెండు పరిశోధనలు రెండు జవాబులు ఇచ్చాయి. రెండూ చదవదగినవే.

కేరళ తీరంలో 1997 నుంచి 2001 మధ్య సెల్ టవర్లు ఒక్కొక్క ప్రాంతానికీ వచ్చాయి. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త అక్కడి సార్డైన్ చేపల ధరలు వారం వారం సేకరించాడు. ఫోన్ రాకముందు ఒక రేవులో కొనేవాడు లేక చేపలు పారబోస్తుంటే, 15 కిలోమీటర్ల లోపున వేరే రేవుల్లో కొనేవాళ్ళు చేపలు దొరక్క వట్టి చేతులతో వెళ్ళేవారు. ఫోన్ వచ్చాక జాలర్లు సముద్రంలో ఉండగానే ధర కనుక్కొని, ఎక్కువ ఉన్న రేవుకు పడవ తిప్పడం మొదలుపెట్టారు. పారబోత దాదాపు ఆగిపోయింది. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర 4 శాతం తగ్గింది. ఈ పరిశోధన 2007లో అచ్చయింది.

రెండవది మహారాష్ట్రలో జరిగింది. 100 గ్రామాల రైతులను తీసుకొని, కొందరికి ధరలు, వాతావరణం తెలిపే ఎస్.ఎం.ఎస్. సేవను ఒక ఏడాది ఉచితంగా ఇచ్చారు. ఫాఫ్‌షాం, మిన్టెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో ఫలితాలు ప్రకటించారు. రైతుకు దక్కిన ధరలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఒకే సెల్‌ఫోన్ అక్కడ పనిచేసి ఇక్కడ ఎందుకు పనిచేయలేదు? నాకు తోచింది రాస్తాను. జాలరికి పడవ ఉన్నది, ఇంకొక రేవుకు తిప్పుకోగలడు. మన కౌలు రైతుకు బ్యాంకులో అప్పు పుట్టదు. విత్తనానికి, మందుకు మండీ వ్యాపారి దగ్గరే తెచ్చుకుంటాడు. పంట అక్కడికే తోలాలి. ఇంకొక ఊళ్ళో కిలోకు మూడు రూపాయలు ఎక్కువ ఉన్నదని ఫోన్‌లో తెలిసినా, తెలిసి బాధపడడమే మిగులుతుంది.

టమాటా ధర సంగతి చూడండి. 2023 జులై ఆఖరుకు మదనపల్లె మార్కెట్లో కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్ళింది. అదే ఏడాది సెప్టెంబరుకల్లా కొన్ని మార్కెట్లలో పది రూపాయల లోపుకు పడిపోయి, రైతులు రోడ్ల మీద పారబోశారు. ఆన్‌లైన్ కంపెనీల సేకరణ కేంద్రాలు ఊళ్ళ దగ్గర ఉంటే లారీ బాడుగ, కమీషను మిగులుతాయి, తూకం ఎలక్ట్రానిక్ కాటా మీద జరుగుతుంది, డబ్బు ఖాతాలో పడుతుంది. ఇవి నిజమైన మేళ్ళే. కాని వారు గ్రేడింగ్ చేసి, సైజూ రంగూ కుదిరిన కాయలనే తీసుకుంటారు. మిగిలినవి రైతు మళ్ళీ మండీకే మోసుకుపోవాలి. మంచి కాయ తీసేసిన బుట్టకు అక్కడ ఏ ధర పలుకుతుందో ఊహించుకోవచ్చును. కనుక కేంద్రం వారు కిలోకు ఎంత ఇస్తున్నారన్నది సగం ప్రశ్న. వందకు ఎన్ని కిలోలు తిప్పి పంపుతున్నారన్నది మిగతా సగం. ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నగారితో కలిసి ఈ రెండూ కలిపి లెక్క వేయండి.

ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడే, ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ ప్రారంభించింది. నిజామాబాద్ పసుపు మార్కెట్ మొదట్లోనే చేరిన వాటిలో ఒకటి. పసుపు ఎండిన సరుకు, నాణ్యత కొలిచి దూరాన ఉన్నవాడికి చెప్పవచ్చు. టమాటా సాయంత్రానికి మెత్తబడుతుంది. అన్నిటికీ ఒకే మందు పనిచేయదు.

ఈ పనిలో చేరాలనుకునే వారికి

నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో ఇటువంటి గిగ్ కార్మికులు 77 లక్షలు. 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు అవుతారని వారి అంచనా. మనలో కొందరు సెలవుల్లోనో, డిగ్రీ ఆపేసో ఇందులో చేరుతారు. చేరడంలో నామోషీ ఏమీ లేదు. అడిగి చేరాలి. వారానికి ఎంత వస్తుందని అడగడం కాదు, పెట్రోలు, బండి వాయిదా, సెల్ రీచార్జి, టైర్లు పోగా గంటకు ఎంత మిగులుతుందో లెక్క వేయాలి. ప్రమాదం జరిగితే బీమా ఎంత, పనిలో లాగిన్ అయి ఉన్నప్పుడేనా, ఇంటికి వెళ్ళే దారిలో కూడానా? ఖాతా ఆపేస్తే ఎవరికి చెప్పుకోవాలి, మనిషికా, యాప్‌లోని మెసేజికా?

కంపెనీలు వీరిని ఉద్యోగులు అనరు, భాగస్వాములు అంటారు. గిగ్ కార్మికుడు అన్న మాటకు మన కేంద్ర చట్టాల్లో తొలిసారి నిర్వచనం ఇచ్చినది 2020 నాటి సామాజిక భద్రతా కోడ్. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం కార్మికుల భద్రతా నిధికి కట్టాలి. ఆ మొత్తం కార్మికులకు చెల్లించిన దానిలో 5 శాతం మించనక్కర లేదు. అంతకుముందే 2023లో రాజస్థాన్ సొంత చట్టం చేసుకున్నది. ఈ ప్రయోజనాలు అందాలంటే ఆధార్‌తో ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదై ఉండాలి. బండి తోలుతున్న మన పాత విద్యార్థులు ఇది చదివితే ముందు ఆ పని చేసుకోవలసిందిగా మనవి.

ఇంకా చదువుతున్నవారు బండి దగ్గరే ఆగవలసిన పని లేదు. ఐ.టి.ఐ.లో రిఫ్రిజిరేషన్ ట్రేడు చేసినవారు శీతల గిడ్డంగులకు కావాలి. స్టాటిస్టిక్స్ తీసుకున్నవారు రేపు ఈ పేటలో ఎన్ని పాల ప్యాకెట్లు పోతాయో అంచనా కట్టే పని చేయగలరు. బి.కామ్. వారికి స్టాకు లెక్కలు ఉన్నాయి. అభ్యాసం కావాలంటే స్టోరు రూము మన పక్కనే ఉన్నది. వార్డెన్ సార్ అనుమతితో ఒక నెలపాటు హాజరు, వండిన బియ్యం, మిగిలిన అన్నం ఈ మూడూ ఒక నోటుబుక్కులో రోజూ రాయండి. ఆదివారం, పరీక్షల ముందు రోజు, పండుగ మర్నాడు అంకెలు ఎలా మారుతున్నాయో చూడండి. వచ్చే ఏడాది సంచికకు ఆ పట్టిక వేసి పంపితే, దాని మీద ఇంకొక పాఠం రాయడానికి నేను సిద్ధం.